ముందు జుట్టు వెనక్కి పోతున్నా డ్రెడ్స్ పెంచాలంటే: మొదటి రోజు నుంచి ఏం చేయాలి, ఏం చేయకూడదు

వారానికి ఇద్దరైనా ఇదే అడుగుతున్నారు. "అన్నా, కణతల దగ్గర జుట్టు పోతోంది, ఇప్పుడు డ్రెడ్స్ వేయించుకోవచ్చా, ఉన్నది కూడా ఊడిపోతుందా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి మొత్తం ఒకేచోట రాస్తున్నాను. డ్రెడ్స్ అంటే జుట్టుని పాయలు పాయలుగా చిక్కుపరిచి తాళ్ళలా కట్టుకునే జడలు, కింద జడ అన్నప్పుడల్లా ఎక్కువగా వాటి గురించే. నేనుండేది విజయనగరం, డ్రెడ్స్ పెంచడం మొదలుపెట్టి ఐదేళ్ళు దాటింది, ముందు జుట్టు పోవడం మాత్రం అంతకన్నా ముందే మొదలైంది. డాక్టర్ని కాను. నా తల మీద చేసి చూసినవీ, చెడగొట్టుకుని నేర్చుకున్నవీ, స్కిన్ డాక్టర్ దగ్గర అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ ఉన్నాయి.

టైం లేనివాళ్ళకి ఒక్క ముక్కలో జవాబు: వేసుకోవచ్చు, కానీ ముందు వరుస చేత బరువు మోయించకండి. కింద ఉన్నదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

1. జుట్టు ఎందుకు పోతోందో ముందు తేల్చుకోండి

ఇది తేలకుండా క్రోషా సూది (కొసన చిన్న కొక్కెం ఉండే అల్లిక సూది, జడలు కట్టేది దానితోనే) ముట్టుకోవద్దు. ముందు జుట్టు పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కోదానికి చేయాల్సింది ఒక్కో రకం.

వంశపారంపర్యంగా వచ్చేది: రెండు కణతలూ సమానంగా లోపలికి పోతాయి, నడినెత్తి పల్చబడుతుంది, నొప్పి ఉండదు, దురద ఉండదు, ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతుంది. డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావానికి కుదుళ్ళు చిన్నవైపోయి, లావు వెంట్రుక వచ్చే చోట నూగు లాంటి సన్నది రావడం మొదలవుతుంది. మేనమామని చూసి చెప్పేయొచ్చు అంటారు గానీ అది సగం నిజమే, నాన్న వైపు నుంచి కూడా వస్తుంది.

లాగుడు వల్ల వచ్చేది: గట్టి ముడి, గట్టి జడ, రోజూ బిగించిన పోనీటెయిల్. ఎక్కడ లాగితే అక్కడే పోతుంది. కుదుళ్ళ దగ్గర చిన్న చిన్న పొక్కులు, ముట్టుకుంటే నొప్పి ఉంటాయి. ఒక గుర్తు బాగా పనికొస్తుంది: జుట్టు పోయిన చోటుకి ముందు, నుదుటి అంచునే, సన్న పొట్టి వెంట్రుకల వరుస ఒకటి మిగిలి ఉంటుంది, ఎందుకంటే అవి ముడికి అందలేదు. మొదట్లో లాగుడు ఆపేస్తే జుట్టు తిరిగొస్తుంది. ఏళ్ళ తరబడి సాగితే కుదురు చచ్చి మచ్చ పడుతుంది, అప్పుడిక రాదు.

జ్వరం తర్వాత వచ్చేది: డెంగీ, టైఫాయిడ్, ఆపరేషన్, కాన్పు, కడుపు మాడ్చే డైటింగ్, ఇలాంటివి అయిన రెండు మూడు నెలలకి తలంతా గుప్పెళ్ళుగా ఊడుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ ఊడుడు ఆగేదాకా డ్రెడ్స్ ఆలోచన పక్కన పెట్టండి.

ఇవి కాక గుండ్రంగా రూపాయి బిళ్ళంత ఊడితే అది పేనుకొరుకుడు. పొలుసులూ దురదా ఉంటే చుండ్రో తామరో అయి ఉంటుంది. ఈ రెండింటికీ ముందు వైద్యం, తర్వాతే జడలు. డ్రెడ్స్ పడ్డాక మాడుకి మందు రాయడం ఎంత కష్టమో రాసినవాళ్ళకే తెలుసు.

నాకు మొదటి రెండూ కలిసి ఉన్నాయి. ఇంజనీరింగ్‌లో మూడేళ్ళు నడినెత్తిన బిగించి ముడి వేసుకు తిరిగాను, స్టైల్ అనుకుని.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- గత ఆరు నెలల్లో పెద్ద జ్వరం గానీ ఆపరేషన్ గానీ జరగలేదు
- మాడు మీద పొక్కులు, పొలుసులు, గుండ్రటి మచ్చలు లేవు
- స్కిన్ డాక్టర్‌కి ఒక్కసారైనా చూపించుకున్నాను (రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కావాలో లేదో వాళ్ళే చెప్తారు)
- గుండు మొక్కు ఏదీ బాకీ లేదు

చివరిది జోక్ కాదు. మా ఫ్రెండ్ ఒకడు ఎనిమిది నెలలు పెంచాక వాళ్ళ అమ్మగారు సింహాచలం మొక్కు గుర్తు చేశారు. అంతే, మొత్తం పోయింది.

2. కొలత, ఫోటో: బద్ధకించకండి

విడి జుట్టు ఉన్నప్పుడు రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే, దువ్వెనకో బాత్రూం జాలీకో చిక్కి కనిపిస్తాయి. డ్రెడ్స్ పడ్డాక ఊడిన వెంట్రుక బయటికి రాదు, జడలోనే ఇరుక్కుని ఉండిపోతుంది. దాంతో "డ్రెడ్స్ వేసుకున్నాక ఊడటం ఆగిపోయింది బావా" అని సంబరపడేవాళ్ళని చూశాను. ఆగలేదు, కనపడటం లేదు, అంతే.

కాబట్టి మొదటి రోజే దర్జీ టేపు తీసుకుని మూడు కొలతలు రాసి పెట్టుకోండి. బొట్టు పెట్టుకునే చోటు నుంచి నుదుటి మధ్యలో జుట్టు మొదలయ్యే చోటికి ఒకటి, ప్రతి కనుబొమ్మ బయటి కొస నుంచి ఆ పక్క కణత లోపలి మూలకి ఒక్కొక్కటి. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకి, తల అదే వంపులో పెట్టి ఫోటో. బాత్రూం బల్బు కింద తీసిన ఫోటో చూస్తే ఎవడికైనా బట్టతల వచ్చినట్టే ఉంటుంది, దాన్ని నమ్మకండి.

3. మందు వాడేట్టయితే డ్రెడ్స్ కన్నా ముందే మొదలుపెట్టండి

వంశపారంపర్యం అని తేలితే డాక్టర్లు మామూలుగా చెప్పేది మినాక్సిడిల్. మగవాళ్ళకి 5 శాతం ద్రావణం, రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి 1 మి.లీ. ఫలితం చూడాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మొదటి కొన్ని వారాల్లో ఉన్న జుట్టు ఇంకాస్త ఊడుతుంది, అది మందు పని చేస్తున్న సూచనే గానీ ఆ సమయంలో చూసేవాడికి గుండె జారిపోతుంది. అందుకే ఆ ఊడుడు, ఆ ఎదురుచూపు అన్నీ విడి జుట్టు మీదే అయిపోనివ్వండి. ముందు భాగంలో జడలు ఆరు నెలల తర్వాత. ఇంకో సంగతి, మందు మానేస్తే దానివల్ల వచ్చినదంతా మళ్ళీ పోతుంది.

మగవాళ్ళకి ఫినాస్టెరైడ్ 1 మి.గ్రా. మాత్ర కూడా ఇస్తారు. కొద్దిమందికి లైంగిక ఆసక్తి తగ్గడం, మనసు దిగాలుగా ఉండటం లాంటి ఇబ్బందులు వస్తాయి కాబట్టి డాక్టర్ చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదది. గర్భంతో ఉన్నవాళ్ళు దాన్ని వాడకూడదు, పొడి అయిన మాత్రని చేత్తో కూడా ముట్టుకోకూడదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మినాక్సిడిల్ గురించి కూడా ముందే చెప్పండి. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త, మినాక్సిడిల్ పిల్లులకి విషం, మీ తలగడ నాకినా ప్రమాదమే.

డ్రెడ్స్ పడ్డాక రాసే పద్ధతి: డ్రాపర్‌తో జడల మధ్య పాపిట మీద నాలుగైదు చోట్ల కొద్దికొద్దిగా వేసి వేలితో అద్దండి. జడ మీద పడిన మందు వృథా, పైగా ఎండి తెల్లగా పొట్టు కడుతుంది. పడుకునే ముందు కనీసం రెండు గంటలు ఆరాలి. తడి మీద టోపీ పెట్టకండి, చేతులు కడుక్కోండి.

జుట్టు నాటించుకునే ఆలోచన ఉంటే అది ముందు చేయించుకుని, ఏడాది ఆగి, డాక్టర్ సరే అన్నాక డ్రెడ్స్.

4. కావలసిన సరుకులు

- సన్న పళ్ళ స్టీలు దువ్వెన
- 0.6 లేదా 0.75 మి.మీ. క్రోషా సూది. ఊలు అల్లేవాళ్ళు వాడే మామూలు సూది లావు, అది వెంట్రుకలు తెంపేస్తుంది, కాబట్టి ఆన్‌లైన్‌లో సైజు చూసి తెప్పించుకోండి
- పాయలు వేరు చేయడానికి క్లిప్పులు (రబ్బరు బ్యాండ్లు వెనక జడలకే, అవీ కొద్ది వారాలే)
- కండిషనర్ కలవని షాంపూ, లేదా కుంకుడుకాయలు
- శాటిన్ తలగడ గలీబు
- మెత్తటి పలచని నూలు గుడ్డ. పొందూరు ఖద్దరు దొరికితే అంతకన్నా ఏం కావాలి, గాలి ఆడుతుంది, బరువుండదు. కానీ నాలుగైదు ఉతుకులు పడ్డాకే తలకి కట్టండి, ఏ కొత్త గుడ్డ నూగైనా జడలో దూరితే తీయడం మన వల్ల కాదు

జుట్టు కనీసం 15 సెం.మీ. ఉండాలి, 20 ఉంటే హాయి. నెలకి ఒక సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది కాబట్టి గుండు నుంచి లెక్కేసుకుంటే ఏడాదిన్నర. జడ పడ్డాక పొడవు బాగా తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

మనిషి సంగతి. మన వైపు సెలూన్లలో డ్రెడ్స్ వేసేవాళ్ళు అరుదు, చాలామంది వైజాగ్ వెళ్తారు. ఎక్కడికెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే "ముందు వరుస గట్టిగా వద్దు, అంచు వదిలేయాలి" అని చెప్పండి. నా మొదటిసారి చెప్పలేదు. చేసినాయన పనితనం చూపించాలని నుదుటి అంచు దాకా బిగించేశాడు, చూడ్డానికి అద్దంలా ఉంది. రాత్రి కనుబొమ్మలు పైకి లాగినట్టయి నిద్ర పట్టలేదు. వారం ఓర్చుకున్నాను, అలవాటవుతుందిలే అని. అలవాటు కాలేదు, కుడి కణత దగ్గర పొక్కులొచ్చాయి, ఆ మూల ఇప్పటికీ ఎడమదానికన్నా లోపలికే ఉంది.

5. పాయలు తీయడం: అసలు పని ఇక్కడే

ముందు ఒక లెక్క చెప్తాను. ఒక ముందు జడని మొదట్లో 1000 కుదుళ్ళు మోస్తున్నాయనుకోండి. జుట్టు పల్చబడే తల కాబట్టి కొన్నేళ్ళకి 600 మిగిలాయి. ఊడిన 400 వెంట్రుకలు ఎక్కడికీ పోలేదు, జడలోనే ఉన్నాయి. అంటే మోసేవాళ్ళు తగ్గారు, బరువు తగ్గలేదు. పైగా జడ నెలనెలా పొడవవుతూ బరువు పెరుగుతోంది. తలస్నానం చేసినప్పుడైతే తడి బరువు కూడా ఆ 600 మీదే. వంశపారంపర్యంగా పోయే జుట్టుకి లాగుడు కూడా తోడవడమంటే ఇదే.

అందుకని తలంతా ఒకే కొలత పాయలు తీయకండి.

వెనక, పక్కల: సుమారు 3 సెం.మీ. చదరం పాయలు. మేస్త్రీ గోడ కట్టినట్టు, కింది వరుసలో రెండు ఇటుకలు కలిసేచోట పై వరుస ఇటుక మధ్య వచ్చేలా. ఇలా చేస్తే పాపిట గీతలు వరుసగా కనపడవు, మాడు బయటపడదు. జుట్టు పల్చనివాళ్ళకి ఇది చాలా ముఖ్యం.

నుదుటి అంచు: 1 నుంచి 1.5 సెం.మీ. పట్టీ మొత్తం విడిగా వదిలేయండి, ఒక చెవి దగ్గర నుంచి రెండో చెవి దాకా. ఆ సన్న వెంట్రుకలు ఏ జడలోకీ పోకూడదు. చూడ్డానికి కొంచెం చెదిరినట్టు ఉంటుంది, ఉండనివ్వండి, అదే మీ హెయిర్‌లైన్‌కి గొడుగు.

ముందు వరుస: పట్టీ వెనక 3.5 సెం.మీ. పాయలు, తక్కువ సంఖ్యలో. పాయలు పెద్దగా ఎందుకంటే తర్వాత కొన్ని కుదుళ్ళు పోయినా జడని పట్టుకునేవి ఇంకా మిగిలుంటాయి. సన్నగా పది వేసుకుంటే ముందుగా తెగేవి అవే.

అగ్గిపుల్ల పరీక్ష: ముందు పాయని వేళ్ళతో మెలిపెట్టి కుదురు దగ్గర మందం చూడండి. అగ్గిపుల్ల కన్నా సన్నగా ఉంటే ఆ చోట జడ వద్దు, విడిగానే ఉంచండి. కణతల మూలల్లో చాలామందికి ఇది ఫెయిలవుతుంది. మొండికేయకండి, అక్కడ సెలూన్లో ఫేడ్ కట్ (కిందికి వచ్చేకొద్దీ జుట్టు పొట్టిగా చేసే కటింగ్) చేయించుకుంటే పల్చదనం కావాలని చేయించినట్టే ఉంటుంది.

నాకు మొత్తం 54 జడలు, అందులో ముందు వరుసవి ఐదే.

6. జడ కట్టే వరుస

మెడ దగ్గర మొదలుపెట్టి పైకి రండి. వెనక భాగం ఒకరోజు, పక్కలు ఇంకోరోజు. ముందు మూడో వంతు అసలు మొదలే పెట్టకండి, రెండు మూడు నెలలు విడిగా ఉంచి, వెనక జడల బరువుకి మాడు ఎలా ఉందో చూసుకున్నాక అప్పుడు.

ఎ) జుట్టు శుభ్రంగా, పూర్తిగా ఆరి ఉండాలి. నూనె చుక్క ఉండకూడదు.

బి) పాయని నిటారుగా పట్టుకుని, దువ్వెనతో కొద్దికొద్దిగా మాడు వైపు వెనక్కి దువ్వుతూ చిక్కు పడనివ్వండి. వెనక జడలకి కుదురు దగ్గర 1 సెం.మీ. వదలండి, ముందు జడలకి 2 సెం.మీ.

సి) చిక్కుపడిన పాయలోకి సూది దూర్చి చుట్టూ తిప్పుతూ విడి వెంట్రుకలు లోపలికి లాగండి. వదిలిన 2 సెం.మీ.లోకి సూది పోకూడదు.

డి) ప్రతి ముందు జడ అయ్యాక ఆగి కనుబొమ్మలు ఎత్తి చూడండి, పక్కకి తిరిగి చూడండి. చర్మం గుడారంలా పైకి లేస్తోందంటే బిగువు ఎక్కువైంది, విప్పి మళ్ళీ చేయండి. అప్పటికప్పుడు విప్పడం ఐదు నిమిషాల పని, నెల తర్వాత సగం రోజు.

ఇ) ముందు జడల కొసలు గడ్డం దాటకుండా చూసుకోండి. దాటితే కత్తిరించండి. వెనకవి నడుము దాకా పెంచుకోండి, ఎవరూ అడగరు.

7. కుదుళ్ళు బిగించే పని

కొత్తగా పెరిగిన జుట్టు విడిగా ఉండి జడ వదులైనట్టు అనిపిస్తుంది, చేతులు దురద పెడతాయి. వెనక జడలకి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చాలు. ముందు జడలకి మూడు నాలుగు నెలలకోసారి, అదీ సూదితో పైపైన. జడ కొసని కుదురు మధ్యలోంచి దూర్చి లాగే పద్ధతి ఒకటుంది, చాలా గట్టిగా పడుతుంది. ముందు వరుసకి దాన్ని ఎప్పుడూ చేయొద్దు.

పండగకి కొత్తగా కనపడాలని ముందురోజు బిగించుకునే పిచ్చి కూడా ఉంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి అలాగే వెళ్ళాను ఒక ఏడు. జనం, ఎండ, చెమట, బిగించిన కుదుళ్ళు. సాయంత్రానికి తల పుండులా ఉంది. పండగకి రెండు వారాల ముందే ఆ పనేదో చేసుకోండి.

8. కడగడం, ఆరబెట్టడం

మనది తీరం పక్క ఊళ్ళ వాతావరణం. ఇంటర్నెట్‌లో చలిదేశాల వాళ్ళు చెప్పే లెక్కలు ఇక్కడ పనికిరావు, చెమట ఎక్కువ, గాలిలో తడి ఎక్కువ.

వారానికోసారి కడగండి, ఎండాకాలంలో రెండుసార్లు. ఎప్పుడూ పొద్దున్నే, రాత్రి వద్దే వద్దు. షాంపూని నీళ్ళలో కలిపి మాడుకి వేళ్ళ మెత్తలతో రాయండి, గోళ్ళతో కాదు. కుంకుడుకాయ బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ గుజ్జుని గుడ్డలో రెండుసార్లు వడకట్టి రసమే వాడాలి. శీకాయ పొడి మాత్రం ముట్టుకోకండి, ఆ పొడి జడలో దూరి ఏళ్ళు ఉంటుంది. బోరు నీళ్ళకి సబ్బు నురగ రాకపోతే ఆఖరి చెంబులు మంచినీళ్ళవి పోసుకోండి, లేకపోతే జడలో తెల్లగా జిడ్డు మిగులుతుంది.

పోసుకునేటప్పుడు తల ముందుకు వంచి జడలన్నీ వేలాడేయకండి, తడి బరువంతా ముందు కుదుళ్ళ మీద పడుతుంది. నిటారుగా నిలబడండి. పిండేటప్పుడు జడని పైన ఒక చేత్తో పట్టుకుని, కింద రెండో చేత్తో పిండండి. తువ్వాలుతో తలపాగా చుట్టొద్దు, తువ్వాలు బరువు కూడా దానికి తోడవుతుంది.

ఐదారు గంటల్లో పూర్తిగా ఆరాలి. డాబా మీద ఎండ, తర్వాత ఫ్యాను. లోపల తడి నిలిస్తే బూజు పడుతుంది, వాసన తడిసిన గోనెసంచిలా ఉంటుంది. ఉత్తరాంధ్రకి అక్టోబరు అంటే తెలుసుగా, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. తుఫాను హెచ్చరిక ఉంటే తలస్నానం వాయిదా వేయండి, కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో తడిగుడ్డతో మాడు, నుదుటి అంచు తుడుచుకుంటే చాలు.

సముద్రస్నానం జడలకి మంచిదే, ఉప్పునీళ్ళు జడని గట్టిపరుస్తాయి. కళింగపట్నమో చింతపల్లి బీచో వెళ్ళొచ్చాక మంచినీళ్ళతో కడుక్కోండి, ఉప్పు మాడు మీద ఎండితే దురద, గోకితే ఉన్న నాలుగూ ఊడతాయి.

ఇక నూనె. "నూని రాయకపోతే జుత్తు ఊడకేటవుద్దిరా, మర్రి ఊడల్లాగ అయిపోనాది" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. కొబ్బరినూనె వెంట్రుకని కాస్త కాపాడుతుంది గానీ పోయిన కుదురుని లేపదు. జడలోకి వెళ్తే దుమ్ము పడుతుంది, మక్కిన వాసన వస్తుంది. ఆముదమైతే చెప్పక్కర్లేదు. అమ్మకీ నాకూ కుదిరిన రాజీ ఇది: తలస్నానం ముందు రాత్రి రెండు చుక్కలు వేలికి తీసుకుని నుదుటి అంచుకి. అంతకు మించి ఒక్క చుక్క లేదు. ఉల్లిరసం రాయమని ఎవరైనా చెప్తే నమస్కారం పెట్టి వచ్చేయండి, ఆ వాసన జడల్లోంచి నెల పోదు.

9. హెల్మెట్, ముడి, నిద్ర

శ్రీకాకుళం నుంచి విజయనగరం బండి మీద రోజూ తిరిగేవాళ్ళున్నారు, హెల్మెట్ ఎలాగన్నా అని అడుగుతారు. పెట్టుకోవాల్సిందే, అందులో బేరం లేదు. జడలు మెడ దగ్గర వదులుగా ఒక ముడి, తలకి పలచటి నూలు గుడ్డ, దాని మీద ఒక సైజు పెద్ద హెల్మెట్ కాదు, మీ తలకి సరిపోయేదే. అందుకే ముడి లోపల దూరకుండా కింద ఉండాలి. తీసేటప్పుడు రెండు పక్కలా పట్టుకుని విడదీసి పైకి ఎత్తండి, నుదుటి మీంచి వెనక్కి ఈడ్చకండి. హెల్మెట్ వల్ల బట్టతల రాదు, ఈడ్చడం వల్ల ముందు వెంట్రుకలు తెగుతాయి.

నడినెత్తిన ముడి వద్దు. నుదుటి అంచున ఎలాస్టిక్ బ్యాండు వద్దు. ముందు పల్చదనం కప్పుకోవాలంటే నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ పట్టీ, కింద వేలు దూరేంత వదులుగా. నల్ల పొడి చల్లి కప్పే డబ్బాలు అమ్ముతారు, డ్రెడ్స్ ఉన్నవాళ్ళు కొనొద్దు, జడంతా మసి అవుతుంది.

పడుకునేటప్పుడు జడలు తలగడ పైకి వదిలేయండి. బోర్లా పడుకుని జడ మీద చెయ్యి వేసి దొర్లడం నా అలవాటు, అది మానడానికి ఆరు నెలలు పట్టింది.

10. తరచూ జరిగే తప్పులు, వెంటనే చేయాల్సినవి

- బిగించిన మర్నాడు కూడా నొప్పి: ఓర్చుకోవద్దు, ఆ జడ కుదురు విప్పండి. నొప్పి మాత్ర వేసుకోవడం విరుగుడు కాదు.
- కుదుళ్ళ దగ్గర పొక్కులు: ముడి, పట్టీ, మందు అన్నీ ఆపండి. నాలుగైదు రోజుల్లో తగ్గకపోతే, చీము పడితే డాక్టర్.
- జడల్లో వాసన: ఒకపాలు వెనిగర్, నాలుగుపాళ్ళు నీళ్ళు కలిపి జడల కింది భాగం పది నిమిషాలు ముంచి, బాగా కడిగి, ఎండలో ఆరబెట్టండి. మాడుకి తగలనివ్వకండి. వంటసోడా ముందు భాగానికి అసలు వద్దు. జడ కోస్తే లోపల నల్ల చుక్కలు కనిపిస్తే అది బూజు, ఆ ముక్క తీసేయాలి.
- రెండు జడలు కుదుళ్ళ దగ్గర అతుక్కుపోవడం: ప్రతి తలస్నానం తర్వాత వేళ్ళతో విడదీయండి. ఆలస్యమైతే చింపాల్సి వస్తుంది, చింపితే ఊడేది ముందు కుదుళ్ళే.
- జనం మాటలు: శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్తే ఒకావిడ నా కాళ్ళకి దండం పెట్టబోయింది, పక్కనే ఇంకొకాయన పేలుంటాయని పిల్లల్ని దూరం లాగాడు. దీనికి నా దగ్గర మందు లేదు.

11. ముందు జడ మెడ సన్నబడితే

జడ మాడుని కలిసే చోటుని నేను మెడ అంటాను. ప్రతి నెలా ఫోటోతో పాటు ముందు జడల మెడలు వేళ్ళతో నొక్కి చూడండి. సన్నబడుతుంటే ఈ వరుసలోనే చేయండి.

మొదట కురచ చేయండి. సగానికి కత్తిరించినా మెడకి ఊపిరి వస్తుంది. చాలామందికి ఇది ఒక్కటే సరిపోతుంది, కానీ పొడవు మీద మమకారం కొద్దీ ఎవరూ చేయరు.

చాలకపోతే వెనక జడతో కలపండి. రెండు జడల మధ్య సూదిని అటూ ఇటూ పోనిస్తూ కుదురుకి 2 సెం.మీ. పై నుంచి అల్లుకురండి. బలమైన జడ బలహీనమైనదాన్ని మోస్తుంది, కానీ ముందుదాన్ని వెనక్కి లాగి కలపకండి, రెండూ వాటి చోట సహజంగా వాలినప్పుడు ఎక్కడ కలుస్తాయో అక్కడే. కలిపాక బరువు కూడా రెట్టింపు కాబట్టి కింది భాగం తగ్గించాలి.

మెడ అగ్గిపుల్ల కన్నా సన్నబడినా, వరుసగా మూడు నెలల కొలతల్లో గీత వెనక్కి జరుగుతున్నా ఆ జడ తీసేయండి. కుదురు నుంచి 3 సెం.మీ. వదిలి కత్తిరించి, మిగిలిన మొద్దుకి కండిషనర్ బాగా పట్టించి, లావు సూదితో కొస నుంచి మాడు వైపు కొంచెం కొంచెంగా చిక్కు విప్పండి. ఒక్కో మొద్దుకి అరగంట. విప్పేటప్పుడు గుప్పెడు వెంట్రుకలు ఊడి చేతిలోకి వస్తాయి, కంగారు పడకండి, అవి ఎప్పుడో ఊడి ఇరుక్కున్నవే. కండిషనర్ పూర్తిగా కడిగేయండి, పక్క జడలకి తగిలితే అవి జారిపోతాయి.

కత్తిరించిన జడలు పారేయకండి. వెనక ఏదైనా జడ పొట్టిగా ఉంటే సూదితో కొసకి అతికించుకోవచ్చు, మీ సొంత జుట్టే కాబట్టి రంగు కలిసిపోతుంది. అతికించే ముందు కడిగి ఎండలో బాగా ఆరబెట్టి కాగితంలో చుట్టి పెట్టుకోండి. నావి రెండు, కుడి కణత దగ్గరివి, బీరువాలో పాత స్వీటు డబ్బాలో ఉన్నాయి. అమ్మకి ఇంకా కనపడలేదు.